పడవ మునుగకుండుటకు లోపల నేమి నింపవలెను?

2018 అక్టోబరు 11వ తేదీన పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి జీడితోటలతోపాటు పడవలను, వలలను గూడ పాడుచేసినది. ఒడ్డున మూలబడిన పాత ఫైబరు పడవను చవుకగా కొని, మరమ్మతు చేయించి, చేపల చెఱువులో మేత చల్లుటకు వాడుకొందమని హరిశ్చంద్రపుర ప్రాంతపు సభ్యులు కొందఱు మమ్ము సలహా యడుగుచున్నారు. పొదుపైన యాలోచనయే. కాని రంగునకు పెట్టు శ్రద్ధలో నాలవవంతైనను పడవను తేల్చు సరకునకు పెట్టుట లేదని చెప్పక తప్పదు.

మన తీరపు తెప్ప తేలికకఱ్ఱ దుంగలను కట్టి చేసినది. అల పైనుండి పోయినను అది మునుగదు. ఫైబరు సంగతి వేఱు. గాజునారయు జిగురును కలిసిన యా పదార్థము నీటికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువు. అంచుదాక నీరు నిండెనా, ఱాయివలె దిగిపోవును. చెఱువు సముద్రము కాదు గదా యని కొందఱందురు. ఈత రానివానికి రెండు నిలువుల నీరు చాలదా?

ఎంత సరకు వలయునో లెక్కించుట కష్టము కాదు. ఉప్పునీటిలో విత్తులు పోసి తాలును తేల్చి తీయుట మన మెఱిగిన పనియే. ఇదియు నా సూత్రమే. లీటరు చోటు ఆక్రమించిన వస్తువు కిలో నీటిని తొలగించును, ఆ మేరకు నీరు దానిని మోయును. 150 కిలోల ఫైబరు పడవ నీట మునిగినపుడు 50 కిలోలే తూగును. 40 కిలోల యినుపయంత్రము 35 తూగును. అంచు పట్టుకొని వ్రేలాడు మనుష్యులకును కలిపి 200 లీటర్ల సరకు ఉంచుట క్షేమమని మా యభిప్రాయము.

థర్మోకోలు చవుక, తేలిక. కాని పూసల సందులలో మెల్లగా నీరెక్కును. పెట్రోలు తగిలిన కరగును. ఫైబరు పనివారి పాలియెస్టరు జిగురు తగిలినను కరగును. ఇది యెఱుగక దానిపై నేరుగా జిగురు పూయించి, లోపల బోలుగా మిగిలిన గదిని చూచి విచారించిన సభ్యు నొకని మేమెఱుగుదుము. రెండు ద్రవములు కలిపి పోయగా పొంగి గట్టిపడు నురుగు పెట్రోలునకు మేలుగా తాళును గాని, మేకు రంధ్రమున నీరు చొచ్చినచో లోపలిది కంటికి కనబడదు, ఎండదు. పాత పడవ చూపునకు మించిన బరువున్న యెడల, అడుగుచెక్క విప్పి లోపలి నురుగును పిండి చూడుడు.

చెఱువు పడవకు మేము కోరునది మూత బిగువైన 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు పది. ఒకటి చిల్లిపడినను తొమ్మిది మిగులును, విప్పి చూచుకొనవచ్చును, టెక్కలిలోనో పలాసలోనో దొరకును. ఎండకు పెళుసెక్కును గావున ఏటేట చూచి మార్చుచుండవలెను. పురుగుమందు డబ్బాలు మాత్రము ఎన్నడును వలదు! ఎన్ని మాఱులు కడిగినను మందు శేషించును. పడవను కాపాడబోయి చేపలను చంపుకొనుట యగును.

ఏది నింపినను దానిని ఉంచు చోటే ముఖ్యము. మనవారు సరకంతయు అడుగుచెక్క క్రింద దాచుచున్నారు. నీరు నిండినపుడు అడుగున నున్న యా సరకు పైకి రాజూచును, పడవ తలక్రిందగును. మనుష్యులు దాని క్రింద చిక్కుకొందురు. ఇరుప్రక్కల అంచుల వెంబడి, కూర్చుండు బల్లల క్రింద, ఎత్తున అమర్చిన యెడల నిండిన పడవయు నిటారుగనే నిలుచును. ఒక్కొక్క డబ్బా 19 కిలోల బలముతో పైకి లాగును గనుక సన్నని పురికొస చాలదు. నైలాను త్రాట రెండు చోట్ల బిగింపవలెను.

పని ముగిసిన పిదప మొలలోతు నీటిలో పడవను కావలెనని నింపి, ఇద్దఱు అంచు పట్టుకొని వ్రేలాడి చూడవలెను. ఆ దినము ముందుగా కబురంపినచో మేమును వత్తుము.