రాలిన ముక్కలు

– చిత్రావతి

పోయిన ఆదివారం వసారాలో బొమ్మ ఆరబెట్టి కూర్చుంటే మా అమ్మాయి వచ్చి పక్కన చేరింది. ఇంటర్ చదువుతోంది. కాసేపు తేరిపార చూసి, “అమ్మా, ఇంతకీ దీనికి అర్థమేమి?” అంది. ఇరవై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. చూడవచ్చినవాళ్లంతా అడిగేదీ ఇదే. ఎవరికో ఏదో చెప్పి దాటేసేదాన్ని. కన్నబిడ్డ అడిగితే దాటేయబుద్ధి కాలేదు. “అర్థం సంగతి తర్వాత. ముందు ఇందులో ఏమేం ఉన్నాయో చెప్పు” అన్నాను.

ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది. చెక్కకు బిగించిన గోనెపట్టా. దానిమీద తుమ్మజిగురు కలిపి పూసిన ఎర్రమన్ను, ఎండి నెర్రెలిచ్చింది. అడుగున వరసగా శెనక్కాయ పొట్టు. నడుమ వాళ్ల అవ్వ, అంటే మా అమ్మ, చీరకొంగు, బెత్తెడు ముక్క. పైన ఆకాశం ఉండాల్సిన చోట కందిగింజంత తోలుముక్కలు. కుంచె తగిలిన చోట్లు చాలా తక్కువ.

ఇలాంటివాటిని మిశ్రమ మాధ్యమ చిత్రాలంటారు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మలో అతికించి, చుట్టూ తాడునే చట్రంగా బిగించాడు. కొలాజ్ అనే అతికింపు బొమ్మల కథను చాలామంది అక్కడ మొదలుపెడతారు. ఆ సంగతి చదివినరోజు నాకు గుర్తొచ్చింది మా అమ్మ కుట్టిన బొంత. నాన్న పాత పంచె, అవ్వ రవికెలు, మాకు పొట్టైపోయిన గౌన్లు పొర మీద పొర పేర్చి, ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ కూర్చుని కుట్టేది. కరువొచ్చి నాన్న బెంగళూరుకు కూలికి పోయిన ఏడు తొడుక్కున్న నీలం చొక్కా సరిగ్గా మధ్యలో ఉండేది. ఆ బొంతకు అర్థమేమని అమ్మను ఎవరూ అడగలేదు. ఏ గుడ్డ ఎవరిదో తెలిసినవాళ్లకు అడగాల్సిన పని లేదు.

నా బొమ్మల అర్థం కూడా అంతే. అతికించిన వస్తువు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో, అదే అర్థం.

అడుగువరస పొట్టునే చూడండి. మా ప్రాంతంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు పిండేసుకుంటాయి. ఈశాన్యం తీరం దాటి మా దాకా వచ్చేసరికి చిక్కిపోతుంది. తొలకరికి శెనక్కాయ విత్తుతాం. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిందా, చెట్టు పీకితే వచ్చేవి లొట్టకాయలే. నేను అంటించింది అలాంటి కాయల పొట్టు. మా వీధిలో ఒక పెద్దాయన బొమ్మ ముందు నిలబడి, పొట్టును గోటితో తడిమి, “ఇది ఏ ఏటిదమ్మా?” అన్నాడు. అర్థమేమని అడగలేదు. నేను వేసిన బొమ్మల్ని అంత బాగా చదివినవాళ్లు లేరు.

ఇక తోలుముక్కలు. అవి మా జిల్లాలోనే ధర్మవరం దగ్గర, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటవి. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. దానిమీద రూపం గీసి, ఉలులతో చుక్క చుక్కగా తొలిచి, రెండు వైపులా రంగులద్దుతారు. తెర వెనక దీపం వెలిగితే ఆ చిల్లులే సీతమ్మకు నగలు, రావణుడికి కిరీటాలు. ఆ పల్లెకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను పోయినరోజు ఒకామె పని చేసిన చోటు ఊడుస్తోంది. చీపురు ముందు తోలుచుక్కల కుప్ప. ఇస్తావా తల్లీ అంటే, “ఇవెందుకమ్మా, పారబోసేవే కదా” అని నా దోసిట్లో పోసింది.

ఆ గుప్పెడు ముక్కలు ఇంటికి తెచ్చుకుని చాలా రోజులు చూస్తూ కూర్చున్నాను. సీతమ్మ మెడలో నగ మెరవాలంటే ఆ ముక్క నేల రాలాల్సిందే. మా అమ్మ ఐదో తరగతిలో బడి మానేసింది, తమ్ముళ్లను చూసుకోవాలని. మామయ్యలిద్దరూ చదువుకుని ఉద్యోగాలు చేశారు. ఇంటికి వెలుగొచ్చిందని అందరం సంతోషించాం. ఆ వెలుగు ఎక్కడి చిల్లులోంచి వచ్చిందో అమ్మ పోయేదాకా నాకు తట్టలేదు. అందుకే ఆకాశం చోట ఆ ముక్కల్ని పెట్టాను. అమ్మ కొంగుకు పైన.

పని చేసిన చేతులు ఇలా మరుగున పడటం గుడిలోనూ ఉంది. లేపాక్షి వీరభద్రుడి గుడి కప్పు మీద, పదహారో శతాబ్దపు వర్ణచిత్రాల్లో, కట్టించిన విరుపణ్ణ రూపం కనిపిస్తుంది. అక్కడి బొమ్మల్లోని చీరల అంచులూ పూలూ చూసి ఇప్పటికీ నేతలో పోలికలు దింపుతున్నారు. ఆ రంగులు నూరినవాళ్ల పేర్లు, మెడలు వెనక్కి వాల్చి ఆ గీతలు గీసినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు. గుళ్లోనే అంత మరుపు ఉంటే, వంటింటి పక్కన బొంత కుట్టినామెను గుర్తుపెట్టుకునేదెవరు? ఆడవాళ్ల చేతిపనిని మనం కాలక్షేపమంటాం. నన్నూ చాలామంది “పిల్లలు బడికి పోయాక ఊసుపోక వేస్తావా?” అని అడిగారు. ఊసుపోక కాదు. నా తల్లి సంగతి నా బిడ్డకు చేరడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయీ నేనూ బొమ్మను తిప్పి, వెనక చెక్క మీద రాశాం. కొంగు ఎవరిది, పొట్టు ఏ చేనిది, ఏ ఏటిది, తోలు ఎవరి దోసిట్లోంచి వచ్చింది. అమ్మ పేరు మా అమ్మాయే రాసింది. నా సంతకం అన్నిటికంటే చివర.

మీ ఇంట్లో అటకమీద బొంత ఉంటే ఈ వారం కిందికి దించండి. కుట్టినామె ఇంకా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఏ గుడ్డ ఎవరిదో అడగండి. లేకుంటే తెలిసిన పెద్దవాళ్లను అడగండి. ఒక మూలన ఆమె పేరు, తెలిస్తే ఆ ఏడూ, దారంతో కుట్టి పెట్టండి.