మా బిడ్డలు కడుపులో నేర్చిన పాఠం

సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహంలోకి చొరబడే విద్య నేర్చాడని హరికథలో చెప్తారు. లీలావతి కడుపులో ఉండగానే ప్రహ్లాదుడు నారదుడి దగ్గర హరిభక్తి నేర్చాడంటారు. జనం చేతులు జోడించి వింటారు. మరి నడుం వంచి నాటేస్తున్న మాల మాదిగ తల్లి కడుపులో బిడ్డ ఏం నేర్చుకుంటుంది? ఏ హరిదాసూ ఈ కథ చెప్పడు. మేం చెప్తాం. ఆ బిడ్డ ఆకలి నేర్చుకుంటుంది.

కోపంతో అంటున్న మాట అనుకుంటారేమో. శాస్త్రం చెప్తున్న మాటే ఇది. కడుపులో బిడ్డకు అన్నం తల్లి రక్తంలోంచే రావాలి. మాయ ద్వారా అందాల్సింది తగ్గితే, ఉన్న కాస్తనీ బిడ్డ ఒళ్లు ముందు మెదడుకు పంచుతుంది. మిగతా అవయవాలకు కోత పడుతుంది. మూత్రపిండాల్లో రక్తాన్ని వడకట్టే గొట్టాలు తక్కువగా తయారవుతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత కొత్తవి రావు. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలూ తగ్గుతాయి. దొరికిన ప్రతి మెతుకునూ కొవ్వు చేసి దాచుకోవడం ఆ ఒళ్లు అక్కడే నేర్చుకుంటుంది. ఆ బిడ్డే పెద్దయ్యాక బీపీ, షుగరు, గుండెజబ్బు ముందుగా వచ్చి పట్టుకుంటాయి.

రెండున్నర కిలోల లోపు బిడ్డ పుడితే ఆస్పత్రుల్లో మా ఆడవాళ్లు వినే మాట మాకు తెలుసు. "మీ వాళ్ల పిల్లలు ఇంతేలే, మీ రక్తమే అంత." అదే బిడ్డ పెద్దయి, నలభై దాటకముందే షుగరుతో వస్తే, "తాగుడు, తిండి అలవాట్లు" అంటారు. పుట్టినప్పుడు రక్తం తప్పు, పెరిగాక బుద్ధి తప్పు. మధ్యలో కూలి రేటు తప్పు, కులం తప్పు ఎక్కడా కనపడదు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టిన మనువు తెల్లకోటు వేసుకుని కూర్చుంటే ఇలాగే మాట్లాడతాడు.

రక్తమే అంత అయితే, ఐరోపా తెల్లవాళ్ల సంగతేంటి? 1944-45 చలికాలంలో నాజీ సైన్యం నెదర్లాండ్స్ పడమటి ప్రాంతానికి తిండి సరఫరా అడ్డుకుంది. పట్టణాల్లో మనిషికి రేషన్ రోజుకు 1,000 కేలరీల లోపుకు పడిపోయింది. 1945 మేలో విముక్తి వచ్చింది, తిండీ వచ్చింది. ఆ కొద్ది నెలల్లో కడుపులో ఉన్న బిడ్డలను యాభై ఏళ్ల వయసులో డాక్టర్లు పరీక్షించారు. కరువు తగలని వాళ్లతో పోలిస్తే వీళ్ల ఒళ్లు చక్కెరను సరిగ్గా వాడుకోలేకపోతోంది. గర్భం తొలి నెలల్లో కరువు తగిలినవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనిపించింది. వీళ్లలో చాలామంది మామూలు బరువుతోనే పుట్టారు. అంటే తక్కెడకు కనపడని దెబ్బ కూడా ఉంటుందన్నమాట. అక్కడ రక్తం మారలేదు. రేషన్ మారింది, అంతే. వాళ్ల ఆకలికి మొదలూ చివరా తేదీలు ఉన్నాయి. మా వాడల ఆకలికి తేదీలు ఎవరు రాశారు?

ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు పాత రిజిస్టర్లు తిరగేశాడు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో 1911 నుంచి మంత్రసానులూ నర్సులూ బిడ్డల బరువులు రాసిపెట్టారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో లోకానికి చెప్పాడు. మొదట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత దేశదేశాల్లో అదే కనపడింది.

మన దేశం సంగతి చూద్దాం. 1993లో పుణె దగ్గర ఆరు గ్రామాల్లో గర్భిణుల తిండి, పని, బిడ్డల బరువు కొలవడం మొదలుపెట్టారు. అక్కడి బిడ్డలు ఇంగ్లండు బిడ్డల కంటే చాలా తేలిగ్గా పుట్టారు. కండ తక్కువ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. షుగరుకు దారి వేసే ఒళ్లు ఇదే. ఆకుకూరలు, పళ్లు, పాలు తిన్న తల్లుల బిడ్డలు కాస్త పెద్దగా పుట్టారు. తొలి నెలల్లో, నడి నెలల్లో పొలం పని, ఇంటి పని, నీళ్లు మోయడం ఎక్కువైన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టారు. ఈ చివరి మాట రెండుసార్లు చదవండి. తిండి ఒక్కటే కాదు, చాకిరీ కూడా బిడ్డ బరువును కోస్తుంది. ఈ దేశంలో చాకిరీ ఎవరి నెత్తిన పెట్టారో మళ్లీ చెప్పాలా?

ఇక మన గడప దగ్గరికే వద్దాం. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో రోజూ వండి పెట్టారు. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలను 13-18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పరీక్షించి, 2008లో ఫలితం బయటపెట్టారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. తిండి తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ పెట్టారు కాబట్టి కడుపులో ఎంత మేలు జరిగింది, పుట్టాక ఎంత జరిగింది అని విడదీయలేం. అయినా అసలు సంగతి తేలిపోయింది. రోజూ ఒక గిన్నెడు ఉడికిన పిండి, పదిహేనేళ్ల తర్వాత కూడా పిల్లల నరాల్లో కనపడింది. ఇది రాత అయితే గిన్నెతో ఎలా మారింది?

"బాగా తినమ్మా, రెస్టు తీసుకో" అని డాక్టరమ్మ చీటీ రాస్తుంది. నాట్లు గుత్తకు పట్టిన ముఠాలో కడుపుతో ఉన్నామె వెనకబడితే నష్టం తోటి కూలీలందరికీ. అందుకే ఆమె నడుం పట్టేసినా వరస తప్పదు. లేదంటే ముఠాలోంచే తీసేస్తారు. "పనికి పోకుంటే పొయ్యి ఎట్ల ఎలుగుతది బిడ్డా?" అని మా అవ్వలు అడిగిన ప్రశ్నకు ఆ చీటీలో జవాబు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఇనుము ఉన్న పెద్దకూర మా అందుబాటు తిండి. దాన్నేమో మైల అన్నారు. మా గిన్నెను వెలివేసినవాళ్లే ఇప్పుడు మా రక్తం పల్చనైందని లెక్కలు రాస్తున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు బాబాసాహెబ్ ఎప్పుడో చెప్పాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయం బిల్లు మీద మాట్లాడుతూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ భారం ప్రభుత్వం కూడా మోయాలనీ వాదించాడు. 1929లో చట్టం వచ్చింది. విశ్రాంతి అంటే సలహా కాదు, చేతిలో డబ్బు అని ఆయనకు తెలుసు.

మరి తర్వాత? 2017లో ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో చేసే ఆడవాళ్లకు జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. సంతోషమే. మరి నాట్లేసే ఆమెకు? 2013 ఆహార భద్రతా చట్టం, జీతంతో సెలవు ఉన్నవాళ్లు తప్ప ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మాతృ వందన యోజన పేరుతో మొదటి కాన్పుకు 5,000 అన్నారు. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అన్నారు. రెండోది మగబిడ్డయితే ఆ తల్లికి ఆకలి వెయ్యదా? మూడో కాన్పు తల్లి ఒంట్లో రక్తం ఊరికే ఊరుతుందా? చట్టంలో "ప్రతి" అని రాసి, పథకంలో ఆ మాట మింగేశారు.

వేలు బయటికే చూపిస్తే సరిపోదు. మా ఇళ్లలోకీ చూసుకోవాలి. కూర మొగవాడికి, అడుగంటింది ఆడదానికి అనే పద్ధతి మా వాడల్లోనూ ఉంది. తొమ్మిదో నెలలోనూ నీళ్ల బిందె ఆమె నెత్తి మీదే. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తలు నోరు కట్టేస్తారు. మీటింగుల్లో అంబేడ్కర్ పాటలు పాడి, ఇంటికొచ్చి కడుపుతో ఉన్న భార్యకంటే ముందు కంచం ముందు కూర్చునే అన్నలకు ఈ మాట తగలాలి. తగలాలనే రాస్తున్నాం.

ఇంకో మాట. దీన్ని పట్టుకుని "తల్లి సరిగ్గా తినలేదు, అందుకే బిడ్డకు జబ్బు" అనేవాళ్లూ తయారవుతారు. వాళ్లకు ముందే చెప్తున్నాం. తిండి పెట్టని సమాజం దోషి, తినలేని తల్లి కాదు. బరువు తక్కువగా పుట్టిన మా బిడ్డలు పనికిరానివాళ్లూ కాదు. పుట్టాక అందే పాలు, గుడ్డు, వైద్యం, చదువు చాలా దెబ్బలను మాన్పుతాయి. జబ్బు తప్పక వస్తుందనీ కాదు, ముప్పు ఎక్కువనే అర్థం.

అందుకే మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ఎన్నో కాన్పు అని అడక్కుండా ప్రతి కూలి తల్లికీ కాన్పుకు ముందూ తర్వాతా నెలనెలా కూలికి సరిపడా డబ్బు ఇవ్వాలి. అంగన్‌వాడీ వాడలోనే ఉండాలి, మా ఆడవాళ్లే వండాలి, గుడ్డూ పాలూ ఒక్కరోజు తప్పకూడదు. ఆస్పత్రిలో బరువు, రక్తం, బీపీ, షుగరు చూసి తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి, తిట్టకుండా చెప్పాలి.

పద్మవ్యూహంలోకి పోవడమే నేర్చిన అభిమన్యుడు బయటికి రావడం తెలియక చచ్చాడు. మా తల్లులు తరతరాలుగా ఆ వ్యూహంలోనే కంటున్నారు. బయటికి దారి మాకు తెలిసింది. అది తల్లి కంచంలోంచి పోతుంది. ఈ రాత్రి మీ ఇంట్లో ఆ కంచం ఎవరికి ముందు పెడుతున్నారో చూడండి. తెల్లారి అంగన్‌వాడీకి పోయి రిజిస్టరు అడగండి.