సంతకానికి ముందు శిక్షణ

ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ నిర్దేశించింది. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రూపొందించడం, నిధుల వినియోగంపై కన్నేసి ఉంచడం ఈ కమిటీ విధులు. ఇంత బరువు తల్లిదండ్రుల భుజాలపై పెట్టి, దాన్ని మోసే తీరు నేర్పే పనిని మాత్రం ఒకటి రెండు రోజుల సమావేశంతో సరిపెట్టడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం కాగా, మహిళల్లో అది 45 శాతం దాటలేదు. కాబట్టి ఇక్కడి కమిటీల్లో చదువురాని తల్లులుండటం సహజమే తప్ప వారి అనర్హత కాదు. తీర్మానాల రిజిస్టరు చదివి వినిపించకుండానే వారి చేత వేలిముద్ర వేయించుకుంటే తప్పు ఆ పద్ధతిది. ఈ మహిళలే పొదుపు సంఘాల్లో అప్పులు, వడ్డీలు, వాయిదాల లెక్కలు ఏళ్ల తరబడి నడుపుతున్నారు. ఊళ్లోనే, పుస్తకాలు ముందు పెట్టుకుని, మళ్లీమళ్లీ నేర్పినందువల్లనే అది సాధ్యమైంది. బడి లెక్కలకూ అదే దారి. సమగ్ర శిక్షా కింద విద్యార్థుల సంఖ్యను బట్టి ఏటా ఇచ్చే పాఠశాల గ్రాంటు ఎంత వచ్చింది, అందులో మరుగుదొడ్ల శుభ్రతకు ఎంత పోయింది అన్నది బ్యాంకు పాసుపుస్తకాన్ని బిల్లులతో సరిచూసి తెలుసుకోవడం సభ్యులకు చేతనవ్వాలి. ఫ్లోరైడ్ పీడ చవిచూసిన నల్లగొండలో పిల్లలు తాగే నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఆరా తీయడమూ ఈ శిక్షణలో భాగం కావాలి.

2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు–మన బడి’ పథకం బడుల నిర్మాణ పనుల్లోకీ ఈ కమిటీలను దించింది. 2024లో పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలి సారథ్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. కమిటీ పేరు ఏదైనా, అంచనాలు, కొలతలు అర్థంకాని సభ్యుల చేతికి పనులు అప్పగించడం వారిని చిక్కుల్లోకి నెట్టడమే.

పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు ముంబై, పుణెలకు వలస వెళ్లినప్పుడు పిల్లల బాగోగులు చూసేది అవ్వాతాతలు. చట్టం చెప్పే సంరక్షకులు వారే కనుక శిక్షణకు వారినీ పిలవాలి. కూలి పోకుండా సాయంత్రం పూట, ఆ ఊరి బడిలోనే, ఏటా కనీసం మూడు విడతలుగా శిక్షణ జరగాలి. అది పూర్తికాని సభ్యులతో ఖర్చుల తీర్మానంపై సంతకం చేయించరాదని విద్యాశాఖ వెంటనే ఉత్తర్వులివ్వాలి.