అరికాళ్ల మంటలా? అశ్రద్ధ వద్దు!

"అమ్మాయ్, పాదాల్లో నిప్పులు పోసినట్టుందే!" రాత్రి పదకొండయ్యేసరికి మా అత్తయ్యగారి మాట ఇదే. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. "వేడి చేసిందేమోలెండి" అని మజ్జిగ ఇచ్చి, ఆముదం రాసి ఊరుకునేదాన్ని. ఓ రాత్రి వేణ్ణీళ్లలో పాదాలు పెట్టించాను. తెల్లారి చూస్తే మడమ పక్కన ఇంత బొబ్బ! కాలిన సంగతి ఆవిడకే తెలియలేదు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. తప్పు నాదే. మీరు చేయకూడదనే ఈ వారం ఈ ముచ్చట.

మంటలు పుట్టే కాలికి వేడి తెలియకపోవడమేమిటి అంటారా? షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే గనుక బాధ అక్కడే మొదలవుతుంది. దెబ్బతిన్న నరం ఏమీ లేకపోయినా మంట, పోట్లు, తిమ్మిర్లు పుట్టిస్తుంది. నిజంగా నిప్పు తగిలితే మాత్రం చెప్పదు!

షుగరొక్కటే కాదు, బి12 విటమిన్ లోపమూ కారణం కావచ్చు. శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారికి ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. రక్తపరీక్ష చేయించుకోండి.

మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. అదేపనిగా మింగితే కిడ్నీలకు చేటు కూడా. డాక్టర్లు ప్రీగాబలిన్, డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందుల్లో ఒకటి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. కాస్త మత్తుగా ఉండొచ్చు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గలేదని మీ అంతట మీరే మానేయకండి. పక్కింటావిడ చీటీ చూసి కొనుక్కోకండి.

ఇంట్లో మనం చేయవలసినవి:

• రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి.

• గోరువెచ్చని నీళ్లే వాడండి. వేడి ఎంతుందో మోచేత్తో చూడండి, లేదా ఇంకొకరిని చూడమనండి. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడవండి.

• పగుళ్లకు కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు.

• ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోండి. గుడికి ఉదయమే వెళ్లండి, మధ్యాహ్నం బండలు కాలిపోతుంటాయి.

• ఆనెలు బ్లేడుతో కోయొద్దు. కాపడాలు అసలే వద్దు.

• పాదాలకు అటూ ఇటూ దిండ్లు పెట్టి, వాటిమీదుగా దుప్పటి కప్పండి. అప్పుడు పాదాలకు తగలదు.

పుండు, వాపు, చీము, రంగు మారడం, ఏది కనబడినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ప్రమాదం.

మా అత్తయ్యగారి మంటలు పూర్తిగా పోలేదు కానీ, ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. ఆవిడ పాదాలు చూడనిదే నేను పడుకోను.