నట్టల మందు డబ్బా మీద ఇంకో హెచ్చరిక కావాలి

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కమిషనర్ గారికి,

2021లో కోవిడ్ చెలరేగినప్పుడు అమెరికా పల్లెల్లో కొందరు దాణా దుకాణాల్లో పశువుల నట్టల మందు ఐవర్‌మెక్టిన్ కొని తామే మింగారు. ఆ ఆగస్టులో మిసిసిపీ విష చికిత్సా సలహా కేంద్రానికి ఈ మందు గురించి వచ్చిన ఫోన్లలో కనీసం 70 శాతం పశువుల మందు మింగినవారివే.

వారిని మూర్ఖులనడం అన్యాయం. అది రైతు చేతికి అలవాటైన మందు. దాన్ని కనుగొన్నవారికి 2015లో నోబెల్ వచ్చింది. 2020లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాల కణాల్లో అది వైరస్‌ను అణచిందన్నారు. ఆశ అక్కడే పుట్టింది. అయితే అంత గాఢత మామూలు మోతాదుతో మనిషి ఒంట్లోకి చేరదు. బ్రెజిల్‌లో 1,358 మంది రోగులపై జరిగి, 2022లో వెలువడిన పరీక్షలో ఆసుపత్రి చేరికలు తగ్గలేదు.

పైగా గుర్రాలకిచ్చే ఈ మందు పేస్టు గొట్టం ఒక్కటి సుమారు 567 కిలోల జంతువుకు సరిపడా మోతాదు!

మీ సంస్థ అప్పట్లో సామాజిక మాధ్యమాల్లో ‘మీరు గుర్రాలు కారు’ అన్న ధోరణిలో చమత్కరించింది. 2024లో కోర్టు రాజీతో ఆ పోస్టులు తీసేయడానికి ఒప్పుకుంది. ఇకనైనా, రైతులు నమ్మే పశువైద్యుల ద్వారా పరీక్షల ఫలితాలను తేలిక మాటల్లో చెప్పించండి. మనుషులు మింగితే వచ్చే ప్రమాదాన్ని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.

ఇట్లు,
రైతుల మేలు కోరే ఒక పత్రికా రచయిత