పాఠశాలకు వలసినది యంత్రమా? గురువా?

మన ప్రభుత్వ పాఠశాలలయందు కంప్యూటరు విద్యను నెలకొల్పెదమని పాలకులు పలికినప్పుడెల్ల మనకు గానవచ్చునది యంత్రములు పంచిపెట్టు సభ. కానరానిది ఆ విద్యను జెప్పు గురువు. సభ ముగియును, పూలదండలు వాడిపోవును, యంత్రములు గదిలో దుమ్ముపట్టును. ఈ తంతు ఇంకెన్నాళ్లు?

ఇది వట్టి నింద గాదు, నిదర్శనములున్నవి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5,000 ఉన్నత పాఠశాలల కంప్యూటరు విద్యను ఐదేండ్ల గడువునకు ప్రయివేటు కంపెనీల కప్పగించిరి. పొలమును కౌలున కిచ్చినట్లు చదువును కౌలున కిచ్చిరన్నమాట. కౌలుదారుడు పంట గోసికొనును గాని చెట్టు నాటునా? గడువు దీరెను, స్వల్పజీతములకు బనిచేసిన బోధకులు వీధిని బడిరి. మరల 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు లక్షల సంఖ్యలో ట్యాబులు పంచెను. అందలి పాఠములు బైజూస్ అను వ్యాపారసంస్థవి. 2024లో ఆ సంస్థయే దివాలా విచారణ పాలయ్యెను. వ్యాపారి నమ్మకముపై నిలిచిన బడి వ్యాపారితోనే కూలదా?

“ఫోను పట్టని బాలుడెవ్వడు? వానికి వేరుగ నేర్పనేల?” యని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. రైలెక్కిన వాడెల్ల ఇంజను చేయగలడా? ఒక పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయుట, వానిని క్రమమున బేర్చుట, తప్పెచ్చట దొర్లెనో వెదకి దిద్దుకొనుట, ఇదియే ఈ శాస్త్రమునకు మూలము. పది చింతపిక్కలను రెండేసి చొప్పున బోల్చుచు చిన్నదానినుండి పెద్దదానివరకు వరుస బెట్టుమనుడు. మొరటు పద్ధతిని 45 పోలికలు వలయును; ఉపాయము తెలిసినవాడు అందు సగముతో ముగించుకొనును. కరెంటు లేని గదిలోనైనను ఈ తొలిపాఠము చెప్పవచ్చును. కావున దారిద్ర్యమును సాకుగా జూపరాదు. ధనముకంటె ముందుగా కొరవడినవాడు గురువు.

దక్షిణమున నున్న కేరళమును జూడుడు. 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ అను పథకమును బ్రారంభించి, తమ పాఠశాలల ఉపాధ్యాయులకే శిక్షణ మిచ్చిరి. మలయాళమున పాఠ్యపుస్తకములు వ్రాయించిరి. ఒకరి యనుమతి వేడక విప్పిచూచుకొనుటకును, మార్చుకొనుటకును వీలగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును బడులయందు నెలకొల్పిరి. 2017లో ఆ ప్రయత్నమే ‘కైట్’ అను ప్రభుత్వసంస్థ యయ్యెను. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేర విద్యార్థిసంఘములు వెలసెను. నడుమ మంత్రివర్గములు మారినవి, పని యాగలేదు. సముద్రముల కావల అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రము, ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలయు కంప్యూటరు శాస్త్ర పాఠమును విద్యార్థులకు అందుబాటున నుంచి తీరవలెనని 2015లో శాసనమే చేసెను. శాసనమున వ్రాయబడినది హక్కు. సభలో పంచబడినది దయ. హక్కునకు న్యాయస్థానమున నిలువ జోటున్నది, దయకు లేదు.

మనమును శాసనమునే కోరుదము. కౌలుబోధకుని గాక, స్థిరమైన యుద్యోగముగల ఉపాధ్యాయుని కోరుదము. తెలుగుబిడ్డకు తెలుగున వ్రాసిన పుస్తకమును గోరుదము. ఇంగ్లీషు రానివానికి ఈ శాస్త్రము రాదనుట అబద్ధము. లూపు, వేరియబులు అను పేర్లను అట్లే యుంచుడు. వాని భావమును మాత్రము తల్లిభాషలో జెప్పుడు. అట్లు చెప్పనిచో పట్టణమున ఫీజు గట్టగలవాని కొడుకు యంత్రమును శాసించును. పల్లెలోని కూలివాని కూతురు ఆ యంత్రము చెప్పినట్లు నడచుకొనును. క్రొత్త విద్య పేర ప్రాత భేదమే మరల స్థిరపడును.

చదువరులారా! వోటు గోరి మీ వాకిటికి వచ్చువానిని ఎన్ని యంత్రములు పంచెదవని యడుగకుడు. మా యూరి బడిలో ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయుని పేరేమని యడుగుడు. ఆ పేరు చెప్పజాలనివాడు మన బిడ్డల చదువు సంగతి యెత్తుటకు అర్హుడు గాడు.