సముద్రం లేని జిల్లాల నావికులు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి నేవీకి వెళ్లిన కొడుకు నెలల తరబడి ఓడ మీదుంటే, ఇంటి దగ్గరి వాళ్లకు దిక్కు సైనిక సంక్షేమ కార్యాలయమే. వితంతు పింఛను కాగితమైనా, పిల్లల చదువుకు సాయమైనా, భూతగాదాపై కలెక్టరుకు లేఖయినా అక్కడి నుంచే కదలాలి. అది ఆర్మీ వాళ్లకే అనుకునేవారు ఇంకా ఉన్నారు. మూడు దళాలకూ అదే.

నేవీ సొంత ఏర్పాట్లు గట్టివే. విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి, కుటుంబాల బాగోగులు చూసే నేవీ సంఘం ఎన్‌డబ్ల్యూడబ్ల్యూఏ ఉన్నాయి. క్వార్టర్స్‌లో ఉన్నవారికి అందినట్టు ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరులోని తల్లికి అవి అందవు. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ విశ్రాంత నావికులకూ వైద్యం చేయిస్తోంది, సరే. పింఛను మాత్రం రక్షణ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌కు మారింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర అరిగిపోయిన ముసలామె ఎవరిని అడగాలి?

2016లో ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. సైనిక సంక్షేమ సేవలూ కొత్త జిల్లాల గడపకు రావాలి. డిసెంబరు 7 సాయుధ దళాల జెండా దినం నాడు విరాళాల డబ్బా ఊరూరా తిరుగుతుంది. సైనిక సంక్షేమ అధికారి ఎందుకు తిరగకూడదు? ఆసిఫాబాద్, మంచిర్యాల, జగిత్యాల కలెక్టరేట్లలో నెలకో రోజు, ముందే ప్రకటించిన తేదీన, కంప్యూటరుతో సహా ఆయన కూర్చోవాలి.